పాఠకుల ప్రశ్నలు: గాయమైతే నెత్తురు ఎలా గడ్డకడుతుంది?

ఈ నెల శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో నెత్తురు గడ్డకట్టడానికి సంబంధించినవే ఎక్కువ. వాటిలో ఒకదానికొకటి సంబంధం ఉన్నవాటిని ఏరి ఇక్కడ జవాబులు ఇస్తున్నాను. మొదటి ప్రశ్నకు జవాబు పెద్దదే. అది చదివితే మిగతావి తేలికగా అర్థమవుతాయి.

ప్రశ్న: వంకాయలు తరుగుతుంటే కత్తిపీటకు వేలు తెగింది. కాసేపు నెత్తురు కారి దానంతట అదే ఆగిపోయింది. ఒంట్లో ఎప్పుడూ ద్రవంగా పారే నెత్తురు గాయం దగ్గర మాత్రం గడ్డగా ఎలా మారుతుంది? గాలి తగలడం వల్లనే అలా జరుగుతుందని మా బడిలో ఒక మాస్టారు అన్నారు. నిజమేనా?
— ఒక ఉపాధ్యాయిని, ఖమ్మం

జవాబు: గాలికీ దీనికీ సంబంధం లేదండీ. చర్మం చిట్లకుండా లోపల తగిలిన దెబ్బకు కమిలిన చోట కూడా నెత్తురు గడ్డకడుతుంది. అక్కడికి గాలి చేరే దారే లేదు.

గడ్డకట్టడాన్ని మొదలుపెట్టేవి రక్తనాళపు గోడ వెనుక దాగి ఉన్న పదార్థాలు. నాళం లోపలి వైపు ఒక్క కణం మందాన పలుచని పొర పరుచుకుని ఉంటుంది. ఆ పొర చెక్కుచెదరకుండా ఉన్నంతకాలం దాని వెనుక ఉన్న కొల్లాజెన్ అనే పీచులాంటి ప్రోటీన్ గానీ, నాళాన్ని చుట్టి ఉన్న కణాల మీద ఉండే టిష్యూ ఫ్యాక్టర్ అనే ప్రోటీన్ గానీ నెత్తురుకు తగలవు. కత్తిపీట ఆ పొరను కోసిన క్షణంలోనే ఈ రెండూ నెత్తురుకు ఎదురుపడతాయి, ఆ తర్వాతి కథంతా అక్కడి నుంచే నడుస్తుంది.

తెగిన నాళం మొదట తనంతట తానే బిగుసుకుని సన్నబడుతుంది. దానితో బయటికి పోయే నెత్తురు కొంత తగ్గుతుంది. ఈలోగా ప్లేట్‌లెట్లు పని అందుకుంటాయి. ఎముక మజ్జలోని పెద్ద కణాల నుంచి ముక్కలుగా విడివడి వచ్చే వీటికి కేంద్రకం ఉండదు, వీటి ఆయుష్షు వారం నుంచి పది రోజులు. ఆరోగ్యవంతుల నెత్తురులో ఒక్కో మైక్రోలీటరుకు 1.5 లక్షల నుంచి 4.5 లక్షల వరకు ఉంటాయి. వేగంగా పారుతున్న ప్రవాహంలోంచి ఇవి పక్కకు వచ్చి కొల్లాజెన్‌ను పట్టుకుని నిలబడాలంటే మధ్యలో ఒక ప్రోటీన్ ఆసరా కావాలి. దాని పేరు వాన్ విలిబ్రాండ్ ఫ్యాక్టర్. ఫిన్లాండ్‌కు చెందిన వైద్యుడు ఎరిక్ వాన్ విలిబ్రాండ్ 1926లో ఆలాండ్ దీవులలోని ఒక కుటుంబంలో ఆడవారికీ మగవారికీ కూడా వస్తున్న రక్తస్రావ వ్యాధిని వర్ణించాడు. ఆ ఇంట్లో ఈ ప్రోటీన్ కొరత ఉన్నదని తేలడానికి మరికొన్ని దశాబ్దాలు పట్టింది. మన దగ్గర నెలసరిలో విపరీతంగా నెత్తురు పోతున్నదని ఏళ్ల తరబడి ఐరన్ మాత్రలతోనే కాలం గడిపే ఆడపిల్లలలో కొందరికి అసలు జబ్బు ఇదే కావచ్చు. ఈ పరీక్ష అడిగేవాళ్లు తక్కువ కాబట్టి ఇక్కడ ప్రస్తావిస్తున్నాను.

అతుక్కున్న ప్లేట్‌లెట్లు ఆకారం మార్చుకుని, లోపల దాచుకున్న రసాయనాలను విడుదల చేసి మరిన్ని ప్లేట్‌లెట్లను రప్పిస్తాయి. కొద్ది నిమిషాల్లో అవన్నీ కలిసి ఒక అడ్డుకట్ట వేస్తాయి. చిన్న గీతకు ఇది చాలు. మీ వేలు తెగినంత గాయానికి మాత్రం చాలదు, ఎందుకంటే ప్లేట్‌లెట్లతో మాత్రమే కట్టిన కట్ట కాస్త ఒత్తిడికే కదిలిపోతుంది. దాన్ని బిగించి కట్టడానికి ఫైబ్రిన్ దారాలు కావాలి.

ఫైబ్రిన్ ముందే తయారై ఉండదు. నెత్తురులోని ద్రవభాగమైన ప్లాస్మాలో ఫైబ్రినోజన్ అనే కరిగిన ప్రోటీన్ ప్రతి 100 మిల్లీలీటర్లకు 200 నుంచి 400 మిల్లీగ్రాముల వరకు సిద్ధంగా ఉంటుంది. దాన్ని థ్రాంబిన్ అనే ఎంజైము కత్తిరిస్తేనే అది దారాలుగా మారుతుంది. ఆ థ్రాంబిన్ కూడా మామూలు సమయంలో ప్రోథ్రాంబిన్ అనే నిద్రాణ రూపంలోనే తిరుగుతుంటుంది. దాన్ని లేపడానికి ఫ్యాక్టర్ 10 (గడ్డకట్టడంలో పాల్గొనే ప్రోటీన్లకు ఇలా అంకెలతో పేర్లు పెట్టారు), దాన్ని లేపడానికి మరొకటి, ఇలా ఒక ఎంజైము ఇంకొకదాన్ని లేపుతూ పోతుంది. ఈ గొలుసును 1964లో రెండు బృందాలు విడివిడిగా ప్రతిపాదించాయి. బ్రిటన్‌లో మాక్‌ఫర్లేన్, అమెరికాలో డేవీ, రాట్నాఫ్ ఆ శాస్త్రవేత్తలు. మెట్టు మెట్టుకూ దూకే జలపాతంతో వారు దీన్ని పోల్చారు. పాఠ్యపుస్తకాల్లో ఇప్పటికీ అదే బొమ్మ ఉంటుంది. కానీ అసలు ఒంట్లో జరిగేది ఆ బొమ్మలో ఉన్నంత తిన్నగా ఉండదు. టిష్యూ ఫ్యాక్టర్ ఫ్యాక్టర్ 7తో జతకట్టి మొదట పుట్టించే థ్రాంబిన్ చాలా కొద్ది. ఆ కొద్దిపాటి థ్రాంబిన్ వెనక్కి తిరిగి ఫ్యాక్టర్ 5, 8, 11లను, ప్లేట్‌లెట్లను కూడా ఉసిగొల్పుతుంది, అప్పుడు ఫ్యాక్టర్ 8, 9 కలిసి ప్లేట్‌లెట్ల ఉపరితలం మీదనే ఫ్యాక్టర్ 10ను పెద్ద ఎత్తున లేపి, మొదటిదానికి ఎన్నో రెట్ల థ్రాంబిన్‌ను తయారుచేయిస్తాయి. ఫైబ్రిన్ వల గట్టిగా అల్లుకునేది ఈ రెండో విడతలోనే.

హీమోఫీలియా అనే పుట్టుకతో వచ్చే రక్తస్రావ వ్యాధి ఉన్నవారిలో లోపించేది ఈ రెండో విడతే. ఫ్యాక్టర్ 8 లేకపోతే హీమోఫీలియా ఏ, ఫ్యాక్టర్ 9 లేకపోతే బి. వారిలో ప్లేట్‌లెట్లు సక్రమంగానే పనిచేస్తాయి కాబట్టి, సూది గుచ్చుకుంటేనే ప్రాణం పోతుందనే మాట నిజం కాదు. పైకి కనిపించకుండా మోకాలి కీలులోకో కండరంలోకో నిదానంగా, గంటల తరబడి ఊరే నెత్తురే వారికి అసలు ప్రమాదం.

ఇక ఫైబ్రిన్ వలలో ఎర్రకణాలు కూడా చిక్కుకోవడం వల్లనే గడ్డకు ఆ ముదురు ఎరుపు వస్తుంది. ఫ్యాక్టర్ 13 ఆ దారాలను ఒకదానికొకటి గట్టిగా కలిపి కుడుతుంది, లోపలి ప్లేట్‌లెట్లు కుంచించుకుంటూ వలను దగ్గరికి లాగుతాయి, దానితో గాయం అంచులు కూడా చేరువవుతాయి. గాయం అంచున ఊరే లేతపసుపు తడి అప్పుడు పిండబడిన సీరమే, చీము కాదు.

మీరు అడగలేదు కానీ, నా దృష్టిలో ఇంతకంటే ఆశ్చర్యం కలిగించే సంగతి మరొకటి ఉంది. వేలి కొసన మొదలైన ఈ వ్యవహారం మోచేతి దాకా, అక్కడి నుంచి గుండె దాకా ఎందుకు పాకిపోదు? గాయం లేని చోట నాళపు లోపలి పొర చేతులు ముడుచుకుని కూర్చోదు. ప్లేట్‌లెట్లు అంటుకోకుండా ప్రోస్టాసైక్లిన్‌ను, నైట్రిక్ ఆక్సైడ్‌ను విడుదల చేస్తూ ఉంటుంది. గడ్డ దగ్గరి నుంచి తప్పించుకుని వచ్చిన థ్రాంబిన్‌ను థ్రాంబోమాడ్యులిన్ అనే ప్రోటీన్‌తో పట్టుకుని దాని స్వభావాన్నే తిప్పేస్తుంది, అలా పట్టుబడిన థ్రాంబిన్ గడ్డ కట్టించడం మాని, గడ్డను ఆపే ప్రోటీన్ సి ని లేపుతుంది. ప్లాస్మాలోని యాంటీథ్రాంబిన్ దారిలో దొరికిన ఎంజైములను నిర్వీర్యం చేస్తుంది. పారే నెత్తురు మిగిలినవాటిని పలుచన చేసి కాలేయానికి చేరుస్తుంది. గడ్డ కట్టే క్షణంలోనే దాన్ని కరిగించే ప్లాస్మినోజన్ కూడా ఆ దారాల మధ్య చేరి ఉంటుంది. చుట్టుపక్కల కణాలు మెల్లగా టిపిఏ అనే పదార్థాన్ని విడుదల చేసినప్పుడు అది ప్లాస్మిన్‌గా మారి, గాయం మానేకొద్దీ వలను ముక్కలు చేస్తుంది. పక్షవాతం వచ్చిన 4.5 గంటల లోపు పెద్దాసుపత్రుల్లో కొందరికి ఇచ్చే గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఈ టిపిఏయే.

ప్రశ్న: తెగిన చోట కాఫీ పొడి గానీ పసుపు గానీ అద్దితే వెంటనే నెత్తురు ఆగుతుంది కదా. పొలంలో అయితే గడ్డిచామంతి ఆకు నలిపి పెడతాం. ఇవి మంచివేనా?
— ఒక గృహిణి, జగిత్యాల

జవాబు: ఆపుతున్నది పొడి కాదమ్మా, పొడి వేసి మీరు నొక్కిపట్టిన వేలు. నొక్కితే బయటికి పోయే నెత్తురు వేగం తగ్గి, ప్లేట్‌లెట్లకు నిలదొక్కుకునే వ్యవధి దొరుకుతుంది. పసుపులోని కుర్కుమిన్ ప్రయోగశాలలో ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అంటుకోవడాన్ని కాస్త తగ్గించిందే గానీ పెంచలేదు. కాఫీ పొడి గాయంలో ఇరుక్కుంటే కుట్లు వేసే ముందు దాన్ని కడిగి తీయడం డాక్టరుకూ మీకూ యాతన. సున్నం అయితే కణజాలాన్ని కాల్చేస్తుంది. గట్టు మీది ఆకుతో పాటు మట్టి కూడా గాయంలోకి చేరుతుంది, ధనుర్వాతపు క్రిమి ఉండేది మట్టిలోనే.

శుభ్రమైన గుడ్డ మడిచి గాయం మీద పెట్టి పది నిమిషాలు ఆపకుండా నొక్కండి. ఆగిందో లేదోనని నిమిషానికోసారి ఎత్తి చూడకండి, ఎత్తిన ప్రతిసారీ అప్పుడే అల్లుకుంటున్న దారాలు తెగిపోతాయి. గుడ్డ తడిసిపోతే దాని మీదే మరొకటి వేసి నొక్కండి. పది నిమిషాలు నొక్కినా ధారగా వస్తుంటే ఆసుపత్రికి వెళ్లవలసిందే, వెళ్లేదాకా నొక్కుతూనే ఉండండి. ధనుర్వాతం ఇంజెక్షన్ ఎప్పుడు వేయించుకున్నారో అక్కడ చెప్పండి.

ప్రశ్న: నాకు షుగరు ఉంది. షుగరు ఉన్నవారికి నెత్తురు గడ్డకట్టదని, దెబ్బ తగిలితే ఆగదని అంటారు. పన్ను పీకించుకోవాలంటే భయంగా ఉంది.
— ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: ఆ మాట తిరగేసి చెప్పుకోవాలి. షుగరు అదుపులో లేనివారిలో ప్లేట్‌లెట్లు మామూలుకంటే త్వరగా అంటుకుంటాయి, ఫైబ్రినోజన్ కూడా పెరుగుతుంది. గుండెపోటు, పక్షవాతం వారికి ఎక్కువగా రావడానికి ఇదీ ఒక కారణం. నెత్తురు ఆగడం వేరు, పుండు మానడం వేరు. షుగరు దెబ్బతీసేది రెండోదాన్ని. మీరు గుండె కోసం ఆస్పిరిన్ వంటి మాత్ర వాడుతుంటే మాత్రం పంటి డాక్టరుకు ముందే చెప్పండి. దాని ప్రభావానికి లోనైన ప్లేట్‌లెట్ తన ఆయుష్షు తీరేదాకా కోలుకోదు. అలాగని మాత్రను మీకు మీరుగా ఆపకండి. చాలా సందర్భాల్లో ఆపకుండానే పన్ను తీస్తారు.

ప్రశ్న: కోతల సమయంలో మా బాబాయిని పాము కాటేసింది. రక్తపింజర అన్నారు. ఆసుపత్రిలో కాస్త నెత్తురు తీసి గాజు గొట్టంలో పోసి, ఇరవై నిమిషాలు అలా ఉంచి చూశారు. గడ్డకట్టలేదని చెప్పి మందు ఎక్కించారు. అంత అత్యవసరంలో ఇరవై నిమిషాలు ఎదురుచూడటం ఎందుకు? మందు ఎక్కించిన వెంటనే ప్లాస్మా కూడా ఎక్కించమని అడిగితే ఆగమన్నారు.
— ఒక రైతుబిడ్డ, తూర్పు గోదావరి జిల్లా

జవాబు: మీ బాబాయి గారికి వైద్యం చేసినవారు సరిగానే చేశారు. రక్తపింజర విషంలో ఫ్యాక్టర్ 10ను, ఫ్యాక్టర్ 5ను నేరుగా లేపే ఎంజైములు ఉంటాయి. మొదటి జవాబులో చెప్పిన మెట్లన్నిటినీ దాటేసి, గాయంతో పని లేకుండా, అవి నెత్తురు పారే చోటల్లా థ్రాంబిన్‌ను పుట్టిస్తాయి. ఫైబ్రినోజన్ అంతా చిన్న చిన్న పోగులుగా మారి, ఒంట్లోని ప్లాస్మిన్ వాటిని కరిగిస్తూ పోవడంతో కొన్ని గంటల్లోనే ఖర్చయిపోతుంది. విపరీతంగా గడ్డకట్టించే విషమే చివరికి గడ్డకట్టే శక్తి లేని నెత్తురును మిగుల్చుతుంది. చిగుళ్ల నుంచి, కాటు గాటు నుంచి, మూత్రంలో నెత్తురు కనిపించడం అందువల్లనే. దీనితో పాటు మూత్రపిండాలు కూడా దెబ్బతినవచ్చు.

ఆ గాజు గొట్టం పరీక్ష చూడటానికి నాటుగా ఉంటుంది గానీ, నడిరాత్రి, ప్రయోగశాల లేని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో దానికి సాటి వచ్చేది లేదు. రెండు మూడు మిల్లీలీటర్ల నెత్తురును శుభ్రమైన, పొడిగా ఉన్న కొత్త గాజు గొట్టంలో పోసి, కదిలించకుండా ఇరవై నిమిషాలు ఉంచి, ఒక్కసారి వంచి చూస్తారు. ద్రవంగానే ఒలికితే విషం నెత్తురులో పనిచేస్తోందని అర్థం. గొట్టం గాజుదే కావాలి, ఎందుకంటే గాజు ఉపరితలమే ఫ్యాక్టర్ 12ను లేపి గడ్డకట్టడాన్ని మొదలుపెడుతుంది. ప్లాస్టిక్ గొట్టంలోనో, సబ్బుతో కడిగిన గొట్టంలోనో పోస్తే మామూలు మనిషి నెత్తురు కూడా గడ్డకట్టక తప్పుదారి పట్టిస్తుంది. మొదటిసారి గడ్డకట్టినంత మాత్రాన రోగిని ఇంటికి పంపరు. మళ్లీ మళ్లీ చేసి చూస్తారు. విషం ఒంటికి పట్టినట్టు ముందే స్పష్టంగా కనిపిస్తుంటే ఈ పరీక్ష కోసం మందు ఆపకూడదు.

విషవిరుగుడు మందు ఒంట్లో తిరుగుతున్న విషాన్ని అడ్డుకుంటుందే గానీ, అయిపోయిన ఫైబ్రినోజన్‌ను తెచ్చి ఇవ్వదు. కాలేయమే దాన్ని మళ్లీ తయారుచేసుకోవాలి, అందుకు సుమారు ఆరు గంటలు పడుతుంది. అందుకే మందు ఎక్కించిన ఆరు గంటలకు పరీక్ష తిరిగి చేస్తారు, అప్పటికీ గడ్డకట్టకపోతే మరో మోతాదు ఇస్తారు. విషం ఇంకా చురుగ్గా ఉండగా ప్లాస్మా ఎక్కిస్తే, అందులోని ఫైబ్రినోజన్‌ను కూడా అది మింగేస్తుంది. ఆగమన్నది ఇందుకే. కాటు దగ్గర కోయడం, నోటితో పీల్చడం, తాడుతో బిగించడం నెత్తురు గడ్డకట్టని మనిషికి మరింత కీడు చేస్తాయి. మంత్రం కోసం పోగొట్టుకున్న గంట మళ్లీ రాదు.

మరో సంగతి. ఇందాక చెప్పిన మాక్‌ఫర్లేనే తన యువ వయసులో, 1934లో, లండన్ జంతుప్రదర్శనశాలలో పాముల విభాగం చూసే బర్జెస్ బార్నెట్‌తో కలిసి రక్తపింజర విషాన్ని బాగా పలుచన చేసి హీమోఫీలియా రోగుల గాయాల మీద పూసి నెత్తురు ఆపాడు. ఫ్యాక్టర్ 8తో పని లేకుండా ఆ విషం నేరుగా ఫ్యాక్టర్ 10ను లేపుతుంది కదా, అదే అక్కడ అక్కరకు వచ్చింది. ఈనాటికీ కొన్ని రక్తపరీక్షల్లో ఈ విషాన్ని చుక్కల్లో వాడుతున్నారు.

ప్రశ్న: మా అత్తగారికి గుండెలో లోహపు కవాటం వేశారు. రోజూ మాత్ర వేసుకుంటారు. నెత్తురు పలచబడి నీరసం వస్తోందని ఆవిడ బాధ. ఆకుకూరలు పూర్తిగా మానేయమని పక్కింటివారు చెబితే మానేశారు. సరైనదేనా?
— ఒక కోడలు, గుంటూరు

జవాబు: ఆ మాత్ర నెత్తురును నీళ్లలా చేయదు. ఎర్రకణాలను తగ్గించదు. నీరసానికి కారణం వేరే ఉండవచ్చు, హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. ఎక్కడైనా తెలియకుండా నెత్తురు పోతోందేమో కూడా దానితో తెలుస్తుంది.

కాలేయం ఫ్యాక్టర్ 2, 7, 9, 10లను తయారుచేసేటప్పుడు చివరి మెరుగు పెట్టడానికి విటమిన్ కె అవసరం. ఆ మెరుగు లేకపోతే అవి కాల్షియంను పట్టుకోలేవు, కాల్షియం లేకుండా ప్లేట్‌లెట్ల మీద నిలవలేవు. ఇలాంటి కవాటం ఉన్నవారికి ఇచ్చే వార్ఫరిన్, అసెనోకుమరాల్ మాత్రలు విటమిన్ కె తిరిగి తయారయ్యే దారిని మూస్తాయి. ఈ మందుల పుట్టుక పశువుల కొట్టంలో జరిగింది. 1920లలో అమెరికా, కెనడాల ఉత్తర మైదానాల్లో బూజు పట్టిన స్వీట్ క్లోవర్ గడ్డి తిన్న ఆవులు, కొమ్ములు కోసినంత గాయానికే నెత్తురు ఆగక చనిపోయేవి. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో కార్ల్ పాల్ లింక్ బృందం ఆ గడ్డిలోని డైకూమరాల్‌ను వేరుచేసింది. దాని బాటలో తయారైన వార్ఫరిన్ 1948లో ఎలుకల మందుగా బజారుకెక్కి, 1954 నాటికి మనుషుల మందుగా మారింది. ఎలుకల మందు అని తెలిసి బెంబేలెత్తవద్దు. ఏ మందైనా మోతాదును బట్టే.

ఆకుకూరలు మానేయడం తప్పు. తోటకూర, పాలకూర, మునగాకు వంటివాటిలో విటమిన్ కె ఎక్కువే. కానీ ముఖ్యమైనది తినడమా మానడమా అన్నది కాదు, వారం వారం ఒకే తీరున తినడం. డాక్టరు మాత్ర మోతాదును ఆవిడ మామూలు తిండికి సరిపడా కుదురుస్తారు. ఆ తర్వాత హఠాత్తుగా మానేస్తే ఐఎన్ఆర్ (నెత్తురు గడ్డకట్టడం ఎంత ఆలస్యమవుతోందో చెప్పే పరీక్ష అంకె) పెరిగి రక్తస్రావం కావచ్చు, ఆషాఢం వచ్చిందని ఒక్కసారిగా రోజూ మునగాకు తింటే ఐఎన్ఆర్ పడిపోయి కవాటం మీద గడ్డ కట్టవచ్చు. ఐఎన్ఆర్ సాధారణంగా 2 నుంచి 3 మధ్య, మైట్రల్ కవాటం (గుండె ఎడమవైపు రెండు గదుల మధ్య ఉండేది) అయితే 2.5 నుంచి 3.5 మధ్య ఉండాలని చూస్తారు. ఆవిడకు నిర్ణయించిన హద్దు ఎంతో అడిగి కాగితం మీద రాసి పెట్టుకోండి. మోకాళ్ల నొప్పులకని మందుల షాపులో డైక్లోఫెనాక్ వంటివి కొని వేయకండి. మెట్రోనిడజోల్ వంటి కొన్ని యాంటీబయోటిక్‌లు ఐఎన్ఆర్‌ను బాగా పెంచుతాయి, కాబట్టి ఏ కొత్త మందు రాసినా ఈ మాత్ర సంగతి ముందు చెప్పండి. పరీక్షలు అక్కరలేని కొత్త మాత్రలు వచ్చాయని ఎవరైనా అంటే, అవి లోహపు కవాటం ఉన్నవారికి పనికిరావని గుర్తుంచుకోండి.

ప్రశ్న: మా మనవడు పుట్టగానే తొడకు ఒక ఇంజెక్షన్ వేశారు. నెత్తురు గడ్డకట్టడానికట. పసిగుడ్డుకు ఏ జబ్బూ లేకుండానే ఎందుకు?
— ఒక అమ్మమ్మ, నిజామాబాద్

జవాబు: అది విటమిన్ కె, మామూలు బరువుతో పుట్టిన బిడ్డకు 1 మిల్లీగ్రాము. మాయ నుంచి బిడ్డకు ఈ విటమిన్ అందేది చాలా తక్కువ, తల్లిపాలలోనూ తక్కువే. అందువల్ల మొదటి వారంలో బొడ్డు నుంచో కడుపులోనో రక్తస్రావం కావచ్చు. అంతకంటే భయపడవలసింది, తల్లిపాలు చక్కగా తాగుతూ ఆరోగ్యంగా కనిపిస్తున్న బిడ్డకు రెండో వారం నుంచి మూడో నెల లోపు మెదడులో హఠాత్తుగా నెత్తురు చిమ్మడం. ఆ ఒక్క ఇంజెక్షన్‌తో ఈ ప్రమాదం దాదాపు తొలగిపోతుంది. ఇంటి దగ్గర కాన్పయిన బిడ్డ అయితే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లి వేయించాలి.